గంగాదేవి కాదన్న తొట్టి

మా స్టూడియోలో పనిచేసే గంగాదేవి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా రాస్తాను. నా పేరు జయరాం. కళ్యాణదుర్గం బస్టాండు వెనక ఫోటో స్టూడియో నడుపుతూ తల నెరిసినవాణ్ణి. ఆల్బంలో పెండ్లికొడుకు కళ్లు మూసుకున్నాడని నా మీదికి గొడవకొచ్చే వాళ్లతో అరిచీ అరిచీ, నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బజారంతా పేరు పడిపోయింది. అలాంటి నన్ను నోరెత్తకుండా కూర్చోబెట్టగలిగింది ఇద్దరే ఇద్దరు. ఒకరు మా అమ్మ, ఆమె ఇప్పుడు లేదు. రెండోది గంగాదేవి.

ఆమెది కంబదూరు పక్కన ఒక పల్లె. తండ్రి తాడిపత్రి బండల లారీల మీద డ్రైవరు. ఇంట్లో ఉండే రోజులు తక్కువ. వచ్చినప్పుడల్లా కూతుర్ని లారీ వెనక నిలబెట్టి అక్కడ రాసినవన్నీ చదివించేవాడట. అందుకని బడిలో వేయకముందే ఆమెకు చదవడం వచ్చేసింది. ఇంటర్ అయ్యాక కంప్యూటర్ పని నేర్చుకుంటానని మా స్టూడియో మెట్లెక్కింది. సరేనని నేను అనకముందే కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చేస్తున్న ఆల్బం వైపు చూసి, "అన్నా, ఈ పెండ్లికూతురికి ఈ మెడ ఎవరిది?" అంది.

నిజమే, ఆ మెడ ఆమెది కాదు. నగలు సరిగా పడలేదని ఇంకో ఫోటోలోని మెడ తెచ్చి నేనే అతికించాను. ఆ అతుకును పెండ్లికూతుర్ని కన్నతల్లి కూడా కనిపెట్టలేదు. ఆ రోజే పనిలో పెట్టుకున్నాను.

ఇప్పుడు స్టూడియోలో కంప్యూటర్ పనంతా ఆమెదే. చనిపోయిన తండ్రిని పెండ్లి పందిట్లో నిలబెట్టమని అడిగేవాళ్లు మాకు చాలామంది. గంగాదేవి ఆయన్ను నిలబెడుతుంది, పందిరి గుంజ నీడ ఎటు పడితే ఆయన నీడా అటే పడేస్తుంది. "నీడ లేకుంటే నాయన కాదన్నా, దయ్యం అయిపోతాడు" అంటుంది. అబద్ధాన్ని ఎలా వండాలో తెలిసిన మనిషి కాబట్టే, ఇంకొకరు వండిన అబద్ధం వాసన ఆమెకు ఇట్టే తగులుతుంది. పెండ్లయింది. భర్త తిప్పేష్ గాలిమరల దగ్గర వాచ్‌మన్. ఆమె ముందు అతను నాకంటే నెమ్మది.

ఇక నీళ్ల మ్యాప్ సంగతి చెప్పాలి. మా వైపు ఎండాకాలం వచ్చిందంటే బోర్లు ఎండుతాయి, వంకల్లో ఇసుక తప్ప ఏమీ మిగలదు. గొర్రెల మందలు మేసే బయళ్లు ఊళ్లకు దూరం. అందుకని ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు బయళ్లలో ఉన్న తొట్లకు ట్యాంకర్లతో నీళ్లు పోయించడం మొదలుపెట్టారు. ఏ తొట్టి ఎక్కడుందో వాళ్లకేం తెలుసు? ఫోన్లో ఒక మ్యాప్ పెట్టారు. తొట్టి దగ్గర నిలబడి ఎవరైనా ఫోటో తీసి పంపితే, ఆ చోట మ్యాప్‌లో నీలం చుక్క పడుతుంది. చుక్క ఉన్నచోటికి ట్యాంకర్ వెళ్తుంది. చుక్క లేకపోతే వెళ్లదు.

మంచి ఏర్పాటే. మనవాళ్లు ఊరుకుంటారా? లేని తొట్టికి ఏఐతో ఫోటో పుట్టించి, చుక్క వేయించుకుని, వచ్చిన ట్యాంకర్‌ను తమ చీనీ తోటలోకి, అదే బత్తాయి తోటలోకి, మళ్లించుకున్న మహానుభావులు బయల్దేరారు. గొర్రెల నోటి దగ్గరి నీళ్లు అవి! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. దాంతో ఫోటోలను పరీక్షించడానికి సంస్థవాళ్లు జిల్లాలోనే ఇష్టమున్నవాళ్లను కొందరిని పెట్టుకున్నారు. ఒక్కో ఫోటోను ముగ్గురు చూడాలి. ముగ్గురూ సరే అంటేనే చుక్క. వాళ్లలో గంగాదేవి ఒకతి.

స్టూడియోలో గిరాకీ లేనప్పుడు ఆమె ఆ ఫోటోలు చూస్తుంటే నేను పక్కన స్టూలు వేసుకుని ఆమెను చూస్తాను. అంత వింతగా ఉంటుంది. ఒకసారి తొట్టి వెనక శెనక్కాయ చేను కళకళలాడుతున్న ఫోటో ఒకటి వచ్చింది. బాగుందే అన్నాను. ఆమె పడీపడీ నవ్వింది.

"అన్నా, కాయలు యాడ కాసినాయో చూడు!"

చూస్తే ఏముంది, కాయలన్నీ కొమ్మలకు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. శెనక్కాయ భూమిలో కాస్తుందని పాపం ఆ యంత్రానికి ఎవరూ చెప్పినట్టు లేరు. అనంతపురం జిల్లాలో పుట్టి ఆ ఫోటోను బాగుందన్నందుకు ఆమె నన్ను చాన్నాళ్లు ఏడిపించింది. టీ కొట్టు దగ్గర కూడా చెప్పి నవ్వించింది.

ఇంకోటి తెల్లగీత. మా దగ్గర బోరునీళ్లు పోసిన ఏ తొట్టికైనా లోపల ఉప్పు పేరుకుని తెల్లటి గీత పడుతుంది. ఇండ్లలో బిందెలకు, బకెట్లకు అదే గీత. యంత్రం గీసిన తొట్టికి అది ఉండదు. అన్నిటికంటే గట్టి ఆనవాలు మాత్రం అక్షరాలు. ఏఐ బొమ్మలో బోర్డు మీది రాత దూరం నుంచి చూస్తే తెలుగే అనిపిస్తుంది. దగ్గరికెళ్తే వంపులుంటాయి, సున్నలుంటాయి, కొమ్ములుంటాయి, చదవడానికి మాత్రం ఒక్క అక్షరం ఉండదు. గంగాదేవి ఆ రాతను పెద్దది చేసి, నోరు అష్టవంకరలు తిప్పుతూ పైకి చదివేది. వినలేక చచ్చేవాణ్ణి. అలాంటి ఫోటోలకు ఆమె పెట్టిన పేరు గాలిబొమ్మలు. ఆమె గాలిబొమ్మ అందంటే మిగతా ఇద్దరూ మారుమాట లేకుండా ఔననేవాళ్లు.

ఉగాది దాటి ఎండ ముదిరిన రోజుల్లో ఒక ఫోటో వచ్చింది. నేనూ చూశాను. ఏటవాలుగా పడుకున్న పెద్ద నల్లబండ. దాని నెత్తిన పొడుగాటి తొట్టి, బండలోనే తొలిచింది. తొట్టి కింద బండ నిండా వరుసలు వరుసలుగా రాత. పొద్దుటి ఎండ పక్కవాటుగా పడి, ప్రతి వంపూ మెరుస్తోంది. అంత అందమైన తొట్టిని నా జన్మలో చూడలేదు. నోరు మూసుకున్నాను, శెనక్కాయల అవమానం ఇంకా పచ్చిగానే ఉంది మరి.

గంగాదేవి దాన్ని పెద్దది చేసింది. కింది రాతను చదవబోయింది. ఒక్క అక్షరం రాలేదు. అన్నీ గుండ్రాలు, మెలికలు.

"ఠ మాదిరి ఉండాది, ఠ కాదు. ణ మాదిరి ఉండాది, ణ కాదు. తొట్టిలో తెల్లగీత లేదు. ఇంత బండను తొలిచి తొట్టి చేసే మొగోడు ఈ కాలంలో యాడుండాడన్నా? గాలిబొమ్మ ఇది" అని నకిలీ అని నొక్కేసింది. కారణం రాసేచోట, అక్షరాలు తప్పు అని రాసింది. మిగతా ఇద్దరూ ఔనన్నారు. చుక్క పడలేదు.

తర్వాత ఒకరోజు స్టూడియోకు ఫోనొచ్చింది. సంస్థ ఆఫీసులో నంబరు తీసుకున్నారట. గంగాదేవి స్పీకర్‌లో పెట్టింది. అవతల ఒక ఆడమనిషి, పేరు చౌడేశ్వరి అని చెప్పింది.

"అమ్మా, మా తొట్టి ఫోటో కాదనింది నువ్వేనంట కదా?"

"నేనే. గాలిబొమ్మ అది."

"గాలిబొమ్మా? మా నాయన చెక్కినాడమ్మా దాన్ని. నా పెండ్లికి ముందర మొదలుపెట్టినాడు, మొన్న దీపావళికి ముగించినాడు. శివరాత్రి రాకనే పోయినాడు. ఊరి సిమెంటు తొట్టి పగిలిపోయిందని దాని చుక్క తీసేసినారు. ఇంగో తొట్టి కాడికి గొర్రెపిల్లలు నడవలేవు. మా యమ్మ మందను పెట్టుకోని ఆ బండ కాడనే కూచుండాది, ట్యాంకరొస్తాదని. పిల్లలు ఒకటెనక ఒకటి సచ్చిపోతాండాయి. వచ్చి చూడు తల్లీ. అబద్ధమైతే నా చెంప పగలగొట్టు."

ఫోన్ పెట్టేశాక గంగాదేవి ఆ ఫోటోను మళ్లీ తెరిచింది. చాలాసేపు చూసింది. ఆమె ముఖం నాకు నచ్చలేదు.

"తప్పులు అట్లనే ఉండాయన్నా" అంది. "అక్షరం అక్షరం కాదు. తెల్లగీత లేదు. ఆయమ్మ గొంతు మాత్రం నిజం మాదిరి ఉండాది."

"నీ తప్పులు నువ్వే పెట్టుకో! మూగజీవాలు చస్తున్నాయంటే ఇంకా స్క్రీన్ చూస్తావేమే? బండెక్కు!" అని అరిచాను. నేను అరిస్తే ఎదురు అరిచే మనిషి ఆ రోజు మాట్లాడకుండా వచ్చి బండెక్కింది.

కంబదూరు దాటాక తారు అయిపోయి ఎర్రమట్టి దారి వచ్చింది. రెండు వైపులా కోత అయిపోయిన చేలు, గుట్టల మీద గాలిమరలు. చౌడేశ్వరి ఫోన్లో చెప్పిన గుర్తుల ప్రకారం ఒక గుట్ట మలుపు తిరిగాం. నేను బండి ఆపలేదు, అదే ఆగిపోయింది. బ్రేకు మీద నా కాలు ఎప్పుడు పడిందో నాకు తెలియదు.

ఫోటోలో ఉన్నది సగమే. ఆ బండ మా వీధంత పొడుగుంది. నెత్తిన ఆ తొట్టి, దాని అంచు నున్నగా, చెయ్యి వేస్తే జారేలా ఉంది. అక్కడినుంచి కిందికి మెలికలు తిరుగుతూ, వరుస తర్వాత వరుస, బండ అడుగుదాకా ఆ గుండ్రాలు. ఒక మనిషి. సుత్తి, ఉలి. దేవుడా అనుకున్నాను, పైకే అన్నానేమో కూడా. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో అడిగితే చెప్పలేను.

గంగాదేవి చెప్పులు విప్పేసి ఆ బండ మీదికి ఎక్కింది. రాయి కాలుతోంది, ఆమెకు పట్టలేదు. కూర్చుని ఒక మెలికలో వేలు పెట్టి అది ఎటు తిరిగితే అటు తిప్పుతూ పోయింది. పెదవులు కదులుతున్నాయి. ఇంకా చదవాలనే చూస్తోంది పిచ్చిది.

బండ నీడలో మంద పడుకుని ఉంది. గొర్రెలు తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చుకుని ఉన్నాయి. పిల్లలు అరవడం కూడా మానేశాయి. వాటి మధ్యలోంచి ఒక ముసలామె లేచి వచ్చింది. చౌడేశ్వరి తల్లి అని వేరే చెప్పక్కర్లేదు. పేరు ఆంజినమ్మ.

"ఫోటో చూసే ఆయమ్మవా?" అంది గంగాదేవితో. కోపం లేదు ఆ గొంతులో, ఓపికా లేదు. "చూడు తల్లీ, చెయ్యిపెట్టి చూడు."

"అమ్మా, ఏం రాసినాడు మీ ఆయప్ప? ఎంత చూసినా నాకు చదవరాలేదు" అంది గంగాదేవి.

ఆంజినమ్మకు అర్థం కాలేదు. "యాడ రాసినాడు?"

"ఇదంతా. ఈ అక్షరాలు."

ఆంజినమ్మ ఆ గుండ్రాల వైపు చూసింది, మమ్మల్ని చూసింది. "అక్షరాలా? మా నరసింహప్పకు వేలిముద్ర తప్ప ఏమొస్తాది తల్లీ? అవి నీళ్లు పోయే దార్లు."

గంగాదేవి మళ్లీ ఆ మెలికల మీదికి వంగింది. ఆమె చెప్పుకుపోయింది. ఊరి సిమెంటు తొట్టిలో నీళ్లు పోసినప్పుడల్లా పెద్ద పొట్టేళ్లు కుమ్ముకుని తాగేవట. పిల్లలకు తొట్టి అందేది కాదు. అడుగున మిగిలిన బురద నాకేవి. నరసింహప్పకు అది చూసి ప్రాణం ఒప్పేది కాదు. పెద్దవాటికి పైన తొట్టి, పిల్లలకు కింద చిన్న చిన్న గుంటలు చేద్దామనుకున్నాడు. బండ ఏటవాలు, నీళ్లు తిన్నగా వదిలితే పరిగెత్తి ఇసుకలో పడిపోతాయి. అందుకని మెలికలు తిప్పాడు. ఒక్కో మెలిక దగ్గర నీళ్లు నెమ్మదించాలి, ఒక్కో గుంటలో నిలవాలి, నిండాక పక్కదానికి పోవాలి. మంద వెంట తెచ్చుకున్న సీసా నీళ్లలో సగం ఆ రాయికే పోసేవాడట. ఒక పుక్కెడు పోసి, ఎటు పోతాయో చూసి, మళ్లీ ఉలి పట్టేవాడు.

"అయితే ఒకసారన్నా నిండిందా?" అన్నాను.

"యాడ నిండేది నాయనా? పని ముగిసినాక వాన లేదు, ట్యాంకర్ లేదు. ఆయప్పా లేడు."

తెల్లగీత ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. గంగాదేవి కనిపెట్టిన ప్రతి గుర్తూ సరైనదే. తెల్లగీత లేదంది, ఆ తొట్టిలో నీళ్లే పడలేదు. అక్షరాలు కావంది, కావు. తెలుగు చదివిన కళ్లు కాబట్టి గుండ్రంగా కనిపించిన ప్రతిదాన్నీ అక్షరమనుకుని చదవబోయాం, అంతే. చదువు రాని గొర్రెపిల్ల అయితే అవి నీళ్ల దారులని చూడగానే తెలుసుకునేది.

గంగాదేవి వెంటనే ఫోన్ తీసింది. ఆ గుండ్రంలో తన చెయ్యి పెట్టి ఫోటో తీసి, మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి, "నేను ఆడనే నిలబడుకోని చెప్తాండా, నా మాట తప్పు, మార్చండి" అని అరిచింది. నీలం చుక్క పడింది. ఆ వైపు ట్యాంకర్ తోలే వెంకటప్ప కంబదూరులోనే ఉన్నాడు. చుక్క పడందే కదలనని మొరాయించినవాడు, పడగానే బయల్దేరాడు. మధ్యాహ్నం దాటాక ఆ ట్యాంకర్ మోత వినిపిస్తే మంద మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది.

వెంకటప్ప దిగి బండను చూసి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. పైపు తొట్టిలో పెట్టి వదిలాడు. తొట్టి నిండసాగింది. పెద్ద గొర్రెలు ఎగబడ్డాయి. తొట్టి లోపల, అంచుకు జానెడు కింద, ఒక గాటు ఉంది. దాని ఎదురుగా, గాటు కంటే కాస్త కింద, తొట్టి గోడలో సన్నటి కంత, అక్కడినుంచే కిందికి మొదటి మెలిక. నీళ్లు ఆ కంతలోంచి సన్నగా కారడం మొదలుపెట్టి, తొట్టిలో ఇంకా పైకి లేస్తూ గాటు దగ్గరికి వచ్చాయి.

"ఆపప్పా" అంది ఆంజినమ్మ.

"కింద అన్నీ ఎండుగానే ఉండాయి కదమ్మా? ఇంగా పోసేది లేదా?"

"ఈ గాటు కాడికి వస్తే ఆపమన్నాడు. ఆపు."

వెంకటప్ప నా వైపు చూశాడు. నేను గంగాదేవి వైపు చూశాను. ఆమె ఆ కంతనే చూస్తోంది. పైపు ఆగింది.

నీళ్ల మొన మొదటి మెలికలోకి వెళ్లింది. ముందు దుమ్మును తోసుకుంటూ, ఎండుటాకును మోసుకుంటూ, తిరిగి, ఇంకోసారి తిరిగి, మొదటి గుంటలో పడింది. నిండింది. పొంగలేదు. అంచు మీదుగా పక్కదారి పట్టి రెండోదానికి పోయింది. మేం బండ పక్కన దానితోపాటే దిగుతున్నాం, పసిపిల్ల వెంట నడిచినట్టు. ఒక్కో వరుస తడిసి నల్లగా మెరుస్తోంది. ఒక చోట ఆగింది. నా ప్రాణం పోయింది. ఆగి, మెల్లగా లావెక్కి, మళ్లీ కదిలింది. గొర్రెపిల్లలు వాసన పట్టి వచ్చేశాయి. ఒక్కోటి ఒక్కో గుంట దగ్గర, నెట్టుకోకుండా, మోకాళ్లు వంచి మూతులు పెట్టాయి. వాటికోసమే కొలిచినట్టు సరిపోయింది ఆ ఎత్తు. కొలిచినట్టు ఏమిటి నా ముఖం, కొలిచే చెక్కాడు ఆ మనిషి.

అన్నిటికంటే కింద, ముండ్లచెట్టు మొదట్లో, అరచెయ్యంత గుంట ఒకటుంది. అది పిట్టలకు. నీళ్లు దాంట్లోకి సన్నటి దారంలా దిగాయి. అంచుదాకా వచ్చాయి. ఆగిపోయాయి. పైన చూస్తే కంతలో ధార కూడా ఆగిపోయి ఉంది. కింద ఇసుకలో ఒక్క చుక్క పడలేదు. వెంకటప్ప వంగి ఇసుకను చేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉంది. "అబ్బ!" అన్నాడు. నేను ఇంతకాలం కెమెరా పట్టుకుని బతికినవాణ్ణి, ఆ రోజు జేబులోంచి ఫోనైనా తీయాలని గుర్తు రాలేదు.

ఆంజినమ్మ ఆ చివరి గుంట పక్కన కూలబడింది. నీళ్లను ముట్టుకోలేదు, చూస్తూ ఉంది.

"పోస్తే కడదాకా పోతాయి చూడు అన్నాడు. ఎన్నిసార్లన్నాడో. బండ మింద కూచోని పిచ్చి గీతలు గీస్తాండావు, ఇంటికాడ పని చూడు అని తిట్టినా. పోయేదాకా తిట్టినా."

గంగాదేవి ఆమె పక్కన కూర్చుంది. క్షమించమని ఎవరినీ అడిగి ఎరగని మనిషి. ముసలామె చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "నేనూ నమ్మలేదమ్మా" అంది.

ఆంజినమ్మ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు ఫోటో చూసి నమ్మలేదు తల్లీ. నేను ఆయప్పను చూస్తా కూడా నమ్మలేదు."